ఎలక్ట్రిక్ సైకిల్ కంపెనీ మూతపడుతుందేమోనన్న భయం ఉన్నప్పుడు కొనాలా, మానాలా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. కాజీపేట నుంచి నయీంనగర్‌లోని బడికి రోజూ వెళ్లి రావడానికి ఎలక్ట్రిక్ సైకిల్ ఎంచుకున్నారు. ధర 38,000 రూపాయలు. అందులో 5,000 అడ్వాన్సు కట్టారు. ఈలోపు ఆ కంపెనీలో జీతాలు ఆలస్యమవుతున్నాయని, కొన్ని ఊళ్లలో షోరూములు ఎత్తేశారని మీ చెవిన పడింది. షోరూం వారిని అడిగితే "రెండేళ్ల వారంటీ ఉంది కదా మేడమ్, భయమెందుకు" అన్నారు. పైగా మిగతా డబ్బు నెలాఖరులోగా కడితే 4,000 తగ్గిస్తామన్నారు. బండి మాత్రం మూడు వారాల తర్వాత వస్తుందట. ఆ కంపెనీ నిలబడుతుందా, కొనాలా, అడ్వాన్సు వదులుకోవాలా అని అడిగారు.

నేను హన్మకొండలో 27 ఏళ్లుగా సైకిళ్ల దుకాణం నడుపుతున్నాను. 2019 నుంచి ఎలక్ట్రిక్ సైకిళ్లు కూడా అమ్ముతున్నాను, బాగుచేస్తున్నాను. నేను డీలరుగా ఉన్న ఒక కంపెనీ 2022 మొదట్లో నా కళ్ల ముందే మూతపడింది. అప్పటికి వాళ్ల సైకిళ్లు 41 మందికి అమ్మాను. ఆ కంపెనీ ఎక్కడిదో కూడా వాళ్లలో చాలామందికి తెలియదు, నా మాట మీద కొన్నారు. అందుకే మీ ప్రశ్నకు రెండు ముక్కల్లో జవాబు చెప్పి తప్పుకోలేను. పొడవుగానే రాస్తాను.

ముందు సూటిగా చెప్పవలసింది: మిగతా డబ్బు ఇప్పుడే కట్టకండి. అడ్వాన్సు వదులుకోవలసిన అవసరమూ లేదు. ఈ రెండింటి మధ్య మీరు చేయగల పని చాలా ఉంది.

ఇలాంటి కంపెనీలు ఒక్క రోజులో మూతపడవు. డీలరుకు ఆరేడు నెలల ముందే తెలుస్తుంది, తెలిసినా నమ్మబుద్ధి కాదు. నాకు మొదట రావడం ఆగిపోయినవి డిస్‌ప్లేలు, అంటే హ్యాండిల్ మీద వేగం, ఛార్జింగ్ చూపించే తెరలు. అడిగిన ప్రతిసారీ "వచ్చే వారం" అనేవారు. వారంటీ కింద పంపిన బ్యాటరీ అంతకుముందు పది రోజుల్లో మారి వచ్చేది. అది నెల అయింది, ఆ తర్వాత రెండు నెలలు. వచ్చిన వాటిలో కొన్నింటికి తయారీ తేదీ చీటీ చింపేసి ఉంది. ఏరియా మేనేజర్లు ఏడాదిలో ముగ్గురు మారారు. సరుకు పంపి ముప్పై రోజులకు డబ్బు తీసుకునేవాళ్లు కాస్తా, ముందు డబ్బు వేస్తేనే సరుకు పంపుతామన్నారు. చివరికి, ఒకేసారి ఎక్కువ సైకిళ్లకు ముందే కడితే భారీగా తగ్గిస్తామన్నారు. నేను పది సైకిళ్లకు కట్టాను. నాలుగు వచ్చాయి. మిగతా ఆరింటి డబ్బు ఈ రోజుకీ రాలేదు.

మీకు చూపిస్తున్న 4,000 తగ్గింపు గురించి చదవగానే నాకు అదే గుర్తొచ్చింది. పండుగ తగ్గింపు వేరు. అప్పుడు బండి ఎదురుగా ఉంటుంది, డబ్బిచ్చి తొక్కుకుంటూ వెళ్లిపోతారు. డబ్బు ఇవాళ, బండి మూడు వారాల తర్వాత అన్నప్పుడు ఆ మూడు వారాలు మీరు వాళ్లకు అప్పు ఇస్తున్నట్టే. 29,000 చేబదులిస్తే మూడు వారాలకు 4,000 కలిపి ఇస్తానని ఎవరైనా మీ ఇంటికి వస్తే, ఇంత వడ్డీకి ఎందుకు తిరుగుతున్నాడని ఆలోచిస్తారు కదా. ఇక్కడా అదే ఆలోచన చేయాలి. షోరూం వాళ్లు మోసం చేస్తున్నారని నేను అనడం లేదు. బహుశా వాళ్లూ నాలాగే పైనుంచి వచ్చిన మాట నమ్మి చెబుతున్నారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. కంపెనీ నిలబడుతుందా లేదా అన్నది బయట ఉన్న మీరూ నేనూ కచ్చితంగా తేల్చలేం. కంపెనీ పోయినా సైకిల్ నడుస్తుందా అన్నది మాత్రం షోరూములో అరగంట గడిపితే తేలిపోతుంది. మీ రోజువారీ ప్రయాణానికి ఈ రెండోదే ముఖ్యం.

2023 జులై చివరి వానలు మీకు గుర్తుండే ఉంటాయి. నయీంనగర్ నాలా పొంగి చుట్టుపక్కల కాలనీలు మునిగాయి. ఆ తర్వాతి రెండు వారాల్లో నా దుకాణానికి నీళ్లలో నానిన ఎలక్ట్రిక్ సైకిళ్లు 17 వచ్చాయి. అందులో అయిదు, నేను చెప్పిన మూతపడిన కంపెనీ తొలి మోడల్‌వి. ఆ అయిదూ వారంలో రోడ్డెక్కాయి. నిక్షేపంగా నడుస్తున్న ఒక పెద్ద కంపెనీ సైకిళ్లు మూడు మాత్రం నెలన్నర మూలన కూర్చున్నాయి. కంపెనీ లేని బండి తిరుగుతోంది, కంపెనీ ఉన్న బండి ఆగిపోయింది. ఎందుకో చెబుతాను, ఎందుకంటే మీరు షోరూములో చూడవలసింది ఇదే.

ఎలక్ట్రిక్ సైకిల్‌లో సగం మామూలు సైకిలే. గొలుసు, బ్రేకులు, టైర్లు, ట్యూబులు, హ్యాండిల్ ఏ దుకాణంలోనైనా దొరుకుతాయి. వెనక చక్రం మధ్యలో ఉండే హబ్ మోటారు కూడా మొండిది, అంత సులభంగా పాడుకాదు. దాని నుంచి మూడు లావు వైర్లు, అయిదు సన్న వైర్లు వస్తాయి. మోటారుకు ఎంత కరెంటు వెళ్లాలో చూసుకునే పెట్టెను కంట్రోలర్ అంటాం. 36 వోల్టుల మోటారైతే, అదే వోల్టేజీకి సరిపడే మామూలు కంట్రోలర్ దాన్ని తిప్పగలదు. అలాంటి కంట్రోలర్, డిస్‌ప్లే, వేగం పెంచడానికి చేత్తో తిప్పే థ్రాటిల్, తొక్కుతున్నామో లేదో పసిగట్టే పెడల్ సెన్సర్ కలిపి సెట్టుగా బజారులో దొరుకుతాయి. బ్యాటరీ అంటే లోపల లిథియం సెల్స్ పది వరుసలు. ఒక్కో వరుస 3.6 వోల్టులు, మొత్తం 36. నిండా ఛార్జ్ అయితే 42. బయటికి ప్లస్, మైనస్ రెండే వైర్లు వచ్చే బ్యాటరీ అయితే, రేపు దాని బదులు అదే వోల్టేజీ ఉన్న మరో బ్యాటరీ పెట్టుకోవచ్చు. డబ్బా ఆకారం కుదరకపోతే క్యారియర్ మీద బిగిస్తాం. చూడటానికి అందంగా ఉండకపోవచ్చు, బడికి మాత్రం చేరుస్తుంది.

కొన్ని మోడళ్లలో ఈ రెండు వైర్లతో పాటు సమాచారం పంపే సన్న వైర్లు ఉంటాయి. బ్యాటరీ తానెవరో కంట్రోలర్‌కు చెప్పాలి, కంట్రోలర్ ఒప్పుకోవాలి, అప్పుడే మోటారు తిరుగుతుంది. దీని వెనక మంచి ఉద్దేశమే ఉంది: వేడెక్కిన సంగతి, సెల్స్ తేడా పడిన సంగతి బండికి ముందే తెలుస్తుంది. కానీ ఆ భాష ఒక్కో కంపెనీకి ఒక్కోటి. కంపెనీ వెళ్లిపోతే ఆ భాష తెలిసినవాళ్లు ఉండరు. నేను అమ్మిన 41లో రెండు వైర్ల తొలి మోడల్‌వి 29, ఈ సన్న వైర్ల కొత్త మోడల్‌వి 12. మొదటి 29లో 24 ఈ రోజుకీ తిరుగుతున్నాయి. ఆ 12లో తిరుగుతున్నవి మూడు.

ఆ పన్నెండులో ఒకటి కొత్తవాడ నుంచి తెల్లవారుజామున పాలు వేసే ఆయనది. పద్దెనిమిది నెలల వాయిదాల మీద తీసుకున్నాడు. ఎనిమిదో నెలలో బ్యాటరీ పోయింది. కంపెనీ ఫోను ఎత్తడం లేదు. ఇంకా పది వాయిదాలున్నాయి. అప్పు ఇచ్చింది ఫైనాన్సు సంస్థ, సైకిల్ చేసింది వేరే కంపెనీ. బండి ఆగిందని వాయిదా ఆగదు. ప్రతి శుక్రవారం దుకాణం ముందు నిలబడి "ఏమైనా తెలిసిందా అన్నా" అని అడిగి వెళ్లేవాడు. ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. చివరికి ఆ మోటారు, బ్యాటరీ అన్నీ తీసేసి, మామూలు కిట్ బిగించి ఇచ్చాను. నాకు పదహారు వేలు అయింది. ఆ రోజు నుంచి రెండు వైర్ల బ్యాటరీ కాని బండిని, వాయిదాల మీద కొనేవారికి నేను అమ్మడం లేదు. మీరు కూడా వాయిదాల మీద తీసుకునే ఆలోచనలో ఉంటే ఈ సంగతి మనసులో ఉంచుకోండి.

బండిని కంపెనీకి కట్టేసే ఇంకో ముడి ఫోన్ యాప్. దీని సంగతి చెప్పడానికి నెదర్లాండ్స్ దాకా వెళ్లాలి. వాన్‌మూఫ్ అని ఆమ్‌స్టర్‌డామ్ కంపెనీ, ఇద్దరు అన్నదమ్ములు 2009లో పెట్టారు. అందమైన సైకిళ్లు, లోపల దాదాపు అన్నీ సొంత భాగాలు, తాళం ఫోన్‌తో తెరుచుకుంటుంది. 2023 జులైలో కోర్టు దాన్ని దివాలా తీసినట్టు ప్రకటించింది. వేల మంది కొనుగోలుదారులకు పట్టుకున్న భయం ఏమిటంటే, కంపెనీ సర్వర్లు ఆగిపోతే తమ సైకిల్ తాళం తామే తీసుకోలేకపోతారేమోనని. బెల్జియంలోని పోటీ కంపెనీ కౌబాయ్ ఆ డిజిటల్ తాళంచెవిని ముందే దాచుకునేలా ఒక యాప్ తయారుచేసి ఇచ్చింది. ఆగస్టు చివరికి బ్రిటన్‌కు చెందిన లావోయీ అనే సంస్థ వాన్‌మూఫ్‌ను కొనుక్కుంది కాబట్టి పేరు బతికింది. కానీ ఆ ఆరు వారాలు సైకిల్ ఇంట్లో పెట్టుకుని కూడా అది తమదేనా అన్న అనుమానంతో గడిపిన మనుషుల గురించి ఆలోచించండి.

దీనికి పూర్తిగా ఎదురుగా మన దేశంలోనే ఎల్‌ఎంఎల్ స్కూటర్ ఉంది. కాన్పూరు కంపెనీ, 2018లో లిక్విడేషన్‌లోకి, అంటే ఆస్తులు అమ్మి మూసేసే దశకు వెళ్లింది. ఆ స్కూటర్లు మాత్రం పాత బస్తీల్లో ఇంకా కనిపిస్తాయి. వెస్పా నమూనా మీద కట్టిన బండి కాబట్టి విడిభాగాలు దొరుకుతున్నాయి, చేయి తిరిగిన మెకానిక్కులు ఉన్నారు. కంపెనీ పోయిన తర్వాత బండిని బతికించేది ఈ రెండే.

కాబట్టి శనివారం బడి అయ్యాక షోరూముకు వెళ్లండి. మీరు కొనబోయే మోడలే అడగండి. బ్యాటరీ బయటికి తీయించి అది కూర్చునే చోటు చూడండి. రెండు లోహపు పలకలే ఉంటే అది రెండు వైర్ల బ్యాటరీ, మంచిది. వాటి పక్కన సన్న సూదుల్లాంటివి మూడో నాలుగో ఉంటే, అవి ఎందుకని అడగండి. బ్యాటరీ కింద చీటీ ఉంటుంది: వోల్టులు, ఆంపియర్-అవర్లు (ఎంత ఛార్జ్ పడుతుందో చెప్పే అంకె), తయారీ నెల, వరుస సంఖ్య. ఫోటో తీసుకోండి. తయారీ జరిగి ఏడాది దాటిన బ్యాటరీని కొత్తదన్న ధరకు తీసుకోవద్దు. లిథియం బ్యాటరీ వాడకపోయినా వయసు మీద పడుతుంది, మన వేసవిలో రేకుల గోడౌనులో పడి ఉంటే మరీ త్వరగా. అమ్మకాలు తగ్గిన కంపెనీల బండ్లకు ఈ జబ్బు ఎక్కువ, ఎందుకంటే సరుకు నిలవ ఉంటుంది.

తర్వాత మీ ఫోన్ ఆపేసి సైకిల్ తీయండి. ఫోన్ లేకుండా మోటారు తిరగాలి, వేగం మారాలి, తాళం తీయగలగాలి. తొక్కి చూడటానికి వీలిస్తే ఫాతిమానగర్ వంతెన ఎక్కించండి. మీ దారిలో మోటారుకు నిజమైన పరీక్ష అదొక్కటే, అక్కడి నుంచి నిట్ కాలేజీ మీదుగా మిగతాదంతా సాఫీ.

ఆపైన ఒక్క ప్రశ్న అడగండి: "ఈ మోడల్ కంట్రోలర్ ఇప్పుడు మీ దగ్గర ఉందా? ఒకసారి చూపించండి." ధర ఎంతని కాదు, తెప్పిస్తారా అని కాదు, ఉందా అని. డీలరు అల్మారాలో విడిభాగాలు ఉన్నాయంటే కంపెనీ నుంచి సరఫరా ఇంకా జరుగుతోందని అర్థం. "ఆర్డర్ పెడితే వస్తుంది" అన్న జవాబు వస్తే, చివరిగా ఎవరికి ఎప్పుడు తెప్పించారో అడగండి. వీలైతే ఏడాది కిందట అదే బండి కొన్న ఒకరిద్దరితో మాట్లాడండి. బండి ఎలా ఉందని అందరూ అడుగుతారు. మీరు, ఏదైనా పాడైతే ఎన్ని రోజులకు బాగుచేసి ఇచ్చారని అడగండి.

కంపెనీ కాగితాల గురించి కూడా కొంత చెబుతాను. నేను చదువుకున్నది ఇంటర్ వరకే, అయినా దెబ్బ తిన్నాక ఇవి చూడటం నేర్చుకున్నాను. వేగంగా వెళ్లే ఎలక్ట్రిక్ స్కూటర్లయితే రిజిస్ట్రేషన్ ఉంటుంది కాబట్టి కేంద్రం వారి వాహన్ పోర్టల్‌లో ఏ కంపెనీవి నెలకు ఎన్ని అమ్ముడయ్యాయో ఎవరైనా చూడవచ్చు. 250 వాట్ల లోపు మోటారుతో, గంటకు 25 కిలోమీటర్లు చేరేసరికి సాయం ఆగిపోయే పెడల్ సైకిల్‌ను మన చట్టం మోటారు వాహనంగా లెక్కించదు. లైసెన్సు, నంబరు ప్లేటు అక్కర్లేదు. ఆ సౌకర్యానికి మరో వైపు ఏమిటంటే, అమ్మకాల లెక్క మనకు అక్కడ కనిపించదు. అందుకని కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ పోర్టల్‌కు వెళ్లాలి. కంపెనీ పూర్తి పేరు బిల్లు మీద ఉంటుంది. బ్రాండు పేరు, కంపెనీ పేరు చాలాసార్లు వేరుగా ఉంటాయి. ఆ పేరుతో వెతికితే ఎప్పుడు పెట్టారో, మూలధనం ఎంతో, చివరిగా ఏ ఏడాది లెక్కలు దాఖలు చేశారో ఉచితంగా చూపిస్తుంది.

అందులో నేను మొదట చూసేది ఆ చివరి తేదీ. మార్చితో ముగిసిన ఏడాదికి సెప్టెంబరు చివరిలోగా వార్షిక సమావేశం జరగాలి, ఆ తర్వాత ముప్పై రోజుల్లో లెక్కలు దాఖలు చేయాలి. సంక్రాంతి వచ్చినా కిందటి మార్చి లెక్కలు లేవంటే ఏదో ఇబ్బంది ఉండవచ్చు. వంద రూపాయలు కడితే ఆ లెక్కల కాగితాలే తెరిచి చదవవచ్చు. నష్టం కనిపించగానే భయపడవద్దు, కొత్త కంపెనీలకు మొదటి ఏళ్లలో నష్టం మామూలే. ఆడిటర్ నివేదిక చివర అనుబంధం చూడండి. ఏడాదిలోపు తీర్చవలసిన బాకీలు కంపెనీ తీర్చగలదా, పీఎఫ్, జీఎస్టీ వంటివి సమయానికి కట్టిందా, ఆడిటర్ మధ్యలో తప్పుకున్నాడా అన్నవి అక్కడ రాస్తారు. మరీ చిన్న కంపెనీలకు ఆ అనుబంధం తప్పనిసరి కాదు, లేకపోతే లేదు. నాకు డీలర్‌షిప్ ఇచ్చిన కంపెనీ నివేదికలో పీఎఫ్, జీఎస్టీ బకాయిల సంగతి ఏడాది ముందే ఉంది. నేను తెరిచి చూడలేదు.

పెద్ద ఇంటి పేరు ఉన్నవి కొంచెం భద్రం అనుకోవచ్చు. హీరో సైకిల్స్ వారి లెక్ట్రో, టాటా ఇంటర్నేషనల్ వారి స్ట్రైడర్ వెనక వేరే వ్యాపారాలున్న సంస్థలు ఉన్నాయి. కానీ పెద్ద సంస్థలూ మోడళ్లను ఆపేస్తాయి. ఆపేసిన మోడల్ యజమాని పరిస్థితి, మూతపడిన కంపెనీ బండి యజమాని పరిస్థితి కంటే గొప్పగా ఏమీ ఉండదు. అందుకే బ్యాటరీ పలకల సంగతి పెద్ద పేరున్న బండికి కూడా చూడమంటాను.

ఒకవేళ కొన్న తర్వాత కంపెనీ మూతపడితే ఏమవుతుందో కూడా తెలుసుకోండి. కొన్ని కంపెనీలు చడీచప్పుడు లేకుండా షట్టర్ దించేస్తాయి. కొన్నింటి మీద బాకీదారులు దివాలా చట్టం కింద కంపెనీ లా ట్రిబ్యునల్‌కు వెళ్తారు. ట్రిబ్యునల్ కేసు స్వీకరిస్తే ఆ కంపెనీ మీద మిగతా కేసులన్నీ ఆగిపోతాయి, మీరు వినియోగదారుల కమిషన్‌లో దానిమీద వేసింది కూడా. అప్పుడు బాకీలున్నవాళ్లంతా క్లెయిములు పెట్టుకోవాలని ప్రకటన ఇస్తారు. గడువు సాధారణంగా పద్నాలుగు రోజులు. ఇక్కడే మనవాళ్లు దెబ్బ తింటారు: ఆ ప్రకటన ముఖ్యంగా కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసు ఉన్న ప్రాంతపు పత్రికల్లో వస్తుంది. పుణె కంపెనీ అయితే మరాఠీ పత్రికలో. వరంగల్‌లో పేపరు చదివే మనకు కనిపించకపోవచ్చు. దివాలా బోర్డు వెబ్‌సైటులో కూడా పెడతారు, అది చూస్తుండాలి. కంపెనీని నిలబెట్టడానికి ట్రిబ్యునల్ ఆమోదించే పరిష్కార ప్రణాళికలో లేని పాత బాకీలు ఆ ఆమోదంతో రద్దయిపోతాయని 2021లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. అంటే క్లెయిము పెట్టనివారికి, రేపు కొత్త యజమాని వచ్చినా అడిగే హక్కు పోతుంది. పెట్టినవారికి కూడా ముందు ఖర్చులు, కార్మికుల బకాయిలు, బ్యాంకుల అప్పులు తీరాకే వంతు వస్తుంది. అయిదు వేల అడ్వాన్సు తిరిగి వస్తుందని ఆశ పెట్టుకోవద్దు.

మీకు అందుబాటులో ఉన్న మనిషి డీలరు. నేనూ డీలరునే, అయినా చెబుతున్నాను. కంపెనీ దివాలా రక్షణ డీలరుకు వర్తించదు. డబ్బు తీసుకుని బండి ఇవ్వకపోయినా, లోపమున్న బండి అమ్మినా 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద ఆయన మీద ఫిర్యాదు చేయవచ్చు. మీరు ఉండే జిల్లాలోనే వేయవచ్చు, అయిదు లక్షల లోపు కొనుగోలుకు రుసుము లేదు, కారణం పుట్టిన రెండేళ్లలోపు వేయాలి. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేస్తే చాలా సందర్భాల్లో అక్కడే కదలిక వస్తుంది. దీనికంతటికీ ఆధారం కాగితం. మీ 5,000కు చేతిరాత చీటీ ఇచ్చి ఉంటే, రేపే వెళ్లి జీఎస్టీ నంబరు, మోడల్, బండి ఇచ్చే తేదీ ఉన్న రశీదు తీసుకోండి. బండి వచ్చినప్పుడు బిల్లు మీద ఫ్రేము నంబరు, మోటారు నంబరు, బ్యాటరీ నంబరు మూడూ రాయించండి. రిజిస్ట్రేషన్ లేని బండికి మీరే యజమాని అనడానికి ఆ బిల్లే సాక్ష్యం.

కంపెనీ పోయాక బ్యాటరీ మార్పించే రోజు వస్తే జాగ్రత్త చాలా అవసరం, దీని గురించి గట్టిగా చెబుతాను. పాత సెల్స్ తీసి కొత్తవి వేసి ఇస్తామని, సగం ధరకే చేస్తామని చెప్పేవాళ్లు ఇప్పుడు ప్రతి ఊళ్లో ఉన్నారు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ పేలి ఒక పెద్దాయన చనిపోయారు. సైకిల్ బ్యాటరీ చిన్నదే కావచ్చు, లోపల ఉన్నది అదే లిథియం. రకరకాల పాత సెల్స్ కలిపిన బ్యాటరీని ఇంట్లోకి రానివ్వవద్దు. ఒకే కంపెనీ, ఒకే బ్యాచ్ కొత్త సెల్స్, కొత్త రక్షణ సర్క్యూట్, బిల్లు, కనీసం ఏడాది పూచీ ఇచ్చేవారి దగ్గరే చేయించండి. నా దగ్గర 36 వోల్టులు, 10 ఆంపియర్-అవర్ల మంచి బ్యాటరీకి పది నుంచి పదిహేను వేలు అవుతోంది. అయిదు వేలకు ఎవరైనా ఇస్తామంటే అందులో ఏముందో అడగండి. ఛార్జరు కూడా దానికి తగినదే ఉండాలి. ఇనుము-ఫాస్ఫేటు రకం పన్నెండు వరుసల బ్యాటరీకి వాడే 43.8 వోల్టుల ఛార్జరు, పది వరుసల 42 వోల్టుల బ్యాటరీకి పెడితే ప్రమాదం. చూడటానికి రెండు ఛార్జర్లూ ఒకేలా ఉంటాయి, పిన్ను కూడా దూరిపోతుంది. ఇంకో మాట, ఎలాగూ మారుస్తున్నాం కదా అని 500 వాట్ల మోటారు, దానికి తగ్గ కంట్రోలర్ వేయించుకోకండి. అప్పుడది చట్టం దృష్టిలో సైకిల్ కాదు, మోటారు వాహనం.

మీ స్థానంలో నేనుంటే ఏం చేస్తానో చెబుతాను. శనివారం బ్యాటరీకి రెండే పలకలుండి, ఫోన్ లేకుండా బండి నడిచి, కంట్రోలర్ అల్మారాలోంచి తీసి చూపిస్తే కొంటాను, కంపెనీ మీద పుకార్లున్నా సరే. కాకపోతే డబ్బు బండి చేతికి వచ్చిన రోజే ఇస్తాను. ఆ 4,000 తగ్గింపు వద్దంటాను. దాని బదులు ఒక అదనపు కంట్రోలర్, ఒక డిస్‌ప్లే, ఒక ఛార్జరు బండితో పాటు ఇవ్వమంటాను. ఆ మూడూ కలిపినా వాళ్లకు దాదాపు అంతే పడుతుంది. మీకు మాత్రం కంపెనీ లేని రోజున అవి నాలుగేళ్ల ప్రయాణం. అదనపు బ్యాటరీ మాత్రం కొని దాచుకోకండి, ఊరికే ముసలిదవుతుంది. కంపెనీ సేవలు ఆగిపోయినా ఏడాది పాటు మరమ్మతు తామే చేస్తామని షోరూం లెటర్‌హెడ్ మీద రాసిమ్మంటాను. నిజాయితీ ఉన్న డీలరు ఆ నాలుగు వాక్యాలు రాయడానికి వెనకాడడు.

సన్న వైర్ల బ్యాటరీ అయితే, లేదా యాప్ లేకుండా తాళం తెరుచుకోకపోతే, ఆ మోడల్ వదిలేస్తాను. అదే షోరూములో వేరే కంపెనీ బండి ఉంటే అడ్వాన్సు దానికి మార్చమంటాను. కొత్తగా డబ్బు తిరిగి ఇవ్వడం కంటే అది వాళ్లకూ తేలిక, అందుకే ఒప్పుకుంటారు.

మీరు రోజూ పదిహేను కిలోమీటర్ల దాకా తొక్కుతారు, ఎండలో, వానలో, బడి గంట కొట్టేలోపు చేరాలి. ఆ బండి మిమ్మల్ని దారి మధ్యలో వదిలేయకూడదని నా తాపత్రయం. శనివారం తీసిన బ్యాటరీ చీటీ ఫోటో, అది కూర్చునే చోటు ఫోటో ఇక్కడ పెట్టండి. కంట్రోలర్ కనెక్టరు ఫోటో కూడా దొరికితే అది బజారులో దొరికే రకమో కాదో ఆ రాత్రే చూసి చెబుతాను.